షుగరు తగ్గింది, కండ కరిగింది: తొమ్మిది నెలల నా అనుభవం

2025 జనవరి 11, భోగికి రెండు రోజుల ముందు, తెల్లవారుజామున ఐదున్నరకు వాకిట్లో గొంతుక్కూర్చుని ముగ్గు వేస్తున్నాను. చుక్కలన్నీ కలిపి, గొబ్బెమ్మలు పెట్టడానికి చోటు చూసుకుని, లేవబోతే లేవలేకపోయాను. మోకాళ్లలో నొప్పి లేదు, తల తిరగడం లేదు. తొడలకు లెమ్మని చెబితే అవి వినలేదు, అంతే. ముగ్గుపిండి డబ్బా మీద చెయ్యి ఆనిస్తే అది ఒరిగిపోయి, నేను వేసిన ముగ్గు మీదనే కూలబడ్డాను. ఎదురింటి అమ్మాయి పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి లేపుతూ, "అమ్మమ్మగారూ, ఇంత తేలిగ్గా ఉన్నారేమిటండీ" అంది. ఆ మాట నాకు అప్పుడు మెచ్చుకోలులాగే వినిపించింది.

నాకు 67 ఏళ్లు. తెనాలిలో ఉంటాం. ఉపాధ్యాయురాలిగా 2018లో పదవీ విరమణ చేశాను. షుగరు 2009 నుంచి ఉంది. 2023 జూలైలో, మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సి 9.1 వచ్చినప్పుడు డాక్టరుగారు కోప్పడితే, ఇంటికి వచ్చి అన్నం మానేశాను. ఎవరూ మానమని చెప్పలేదు, తగ్గించమన్నారు. నాది పంతం. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక పుల్కా, కాస్త కూర, రాత్రి రాగిజావ. శనివారాలు ఒంటిపూట. రోజూ ముప్పావు గంట నడక. ఏడాదిన్నరలో బరువు 59 కేజీల నుంచి 48.5కు వచ్చింది, హెచ్‌బీఏ1సి 6.0కు దిగింది. పెళ్లిళ్లలో బంధువులు నన్ను చూపించి తమ ఇంట్లోని షుగరు రోగులకు బుద్ధులు చెప్పేవారు. నేను కూడా అడిగినవారికీ అడగనివారికీ జావ ఎలా కాచాలో చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

సూచనలు లేకపోలేదు. తడిచీర పిండడం చేతకాక అలాగే నీళ్లు కారుతూ దండెం మీద వేస్తున్నాను. ఆవకాయ జాడీ మూత మావారు తియ్యవలసి వస్తోంది. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు వెనకవాళ్లు విసుక్కుంటున్నారు. వీటిలో ఏదీ షుగరు లెక్కలో చేరదని అనుకున్నాను.

పండుగ హడావుడి ముగిశాక, జనవరి 17న ఊళ్లో ఒక డాక్టరు దగ్గరకు వెళ్లాం. రెండు గంటలు కూర్చుంటే నాలుగు నిమిషాలు చూశారు. ఫీజు 400 రూపాయలు, మోకాలి ఎక్స్‌రేకు 450. "అరుగుదల అమ్మా, వయసు కదా. షుగరు మాత్రం భేషుగ్గా ఉంది, ఇలాగే కొనసాగించండి" అన్నారు. క్యాల్షియం మాత్రలు రాశారు. లేవలేకపోయానని చెప్పినా, నన్ను ఒక్కసారి కుర్చీలోంచి లేచి చూపించమని అడగలేదు. ఆ ఒక్క పరీక్షకు యంత్రమూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. ఆ సంగతి నాకు నెల తరువాత తెలిసింది.

ఫిబ్రవరి 2వ తేదీ తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి మెలకువ వచ్చింది. గ్లూకోమీటరులో 58 చూపించింది. మావారు గాభరాపడి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చారు. పదిహేను నిమిషాలకు 94కు వచ్చింది. తిండి సగానికి తగ్గించినదాన్ని, షుగరును దించే గ్లిమిపిరైడు మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటున్నాను. ఆ సాయంత్రమే విజయవాడలో ఒక ఎండోక్రినాలజిస్టుకు, అంటే షుగరు, హార్మోన్ల నిపుణురాలికి, అపాయింటుమెంటు తీసుకున్నాం. దొరికిన తేదీ ఫిబ్రవరి 20. ఆ పద్దెనిమిది రోజులూ మావారు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి నా చెయ్యి పట్టుకుని చూసేవారు, చెమట పట్టిందేమోనని.

ఫిబ్రవరి 20న పదింటికి వెళ్తే ఒంటిగంటన్నరకు పిలిచారు. ఫీజు 800. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. మూడోసారికే చేతులు వాటంతటవే కుర్చీ పట్టుకోబోయాయి. ఐదూ పూర్తయ్యేసరికి 19 సెకన్లు పట్టింది. పన్నెండు దాటితే అనుమానించాలట. తరువాత స్ప్రింగు పిడిలాంటి పరికరం ఇచ్చి బలంకొద్దీ నొక్కమన్నారు. నా ప్రాణమంతా పెట్టి నొక్కితే 14 కేజీలు చూపింది. ఆసియా దేశాల స్త్రీలకు 18 కంటే తక్కువైతే పట్టు బలహీనమని లెక్క. వరండాలో ఆరు మీటర్లు నడిపించారు, ఎనిమిది సెకన్లు పట్టింది. సెకనుకు ఒక మీటరైనా ఉండాలన్నారు. బరువు, ఎత్తు లెక్క చూస్తే మాత్రం నేను సరిగ్గానే ఉన్నాను. ఎత్తు 152 సెంటీమీటర్లు, బీఎంఐ 21. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

"తగ్గిన పదిన్నర కేజీల్లో కొవ్వు ఎంతో, కండ ఎంతో ఎవరూ చూడలేదు అమ్మగారూ" అన్నారు డాక్టరు. భోజనం చేశాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని పీల్చుకుని దాచుకునేది కండరమేననీ, అది కరిగిపోతే చక్కెరకు చోటే ఉండదనీ చెప్పారు. "గాదెను కూల్చుకుని, ధాన్యం ఎక్కువైపోతోందని వాపోతే ఎలాగండీ?" అన్నారు. వయసు, షుగరు, తక్కువ తిండి, ఈ మూడూ కండను తినేవేననీ, నేను మూడోదాన్ని చేజేతులా తెచ్చుకున్నాననీ ఆవిడ మెత్తగానే చెప్పారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏడాదిన్నర పాటు ఆకలిని చంపుకున్నది దీనికోసమా అనిపించింది.

గ్లిమిపిరైడు అప్పటికప్పుడే ఆపించారు. రక్త, మూత్ర పరీక్షలకు 3,650 అయ్యింది, ఫలితాలు మరునాటి సాయంత్రానికి వచ్చాయి. విటమిన్ డి 13, బీ12 171, హిమోగ్లోబిన్ 10.8, మూడూ తక్కువే. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారికి బీ12 తగ్గుతుందట. పదహారేళ్లుగా వాడుతున్నా ఎవరూ చూడలేదు, నేనూ అడగలేదు. నేను భయపడింది కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ గురించి. "పప్పులు ఎక్కువ తింటే కిడ్నీలు పోతాయి" అని మా వదినగారు పదేళ్లుగా చెబుతూ వస్తున్నారు. అది 0.7, మూత్రంలో ఆల్బుమిన్ కూడా మామూలుగానే ఉంది. ఆ రెండూ చూశాకే డాక్టరు ప్రోటీను పెంచమన్నారు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి లెక్క వేరనీ, నా చీటీ చూసి మరొకరు పాటించకూడదనీ గట్టిగా చెప్పారు. ఇది చదివేవారికి నేనూ ఆ మాటే చెబుతున్నాను.

స్కాను విషయంలో మేము మోసపోలేదు గాని, తెలివితక్కువగా డబ్బు పోగొట్టుకున్నాం. కండ కొలతకు డెక్సా స్కాను చేయించమని చీటీలో ఉంది. దగ్గరని గుంటూరు వెళ్లి ఫిబ్రవరి 24న 2,800 కట్టి చేయించాం. మూడు రోజులకు చేతికి వచ్చినది వెన్నెముక, తుంటి ఎముకల సాంద్రత రిపోర్టు. ఎముకలు కొంత పలచబడ్డాయని తెలిసింది, అదీ పనికొచ్చిన సంగతే. కాని మాకు కావలసినది ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అని విడివిడిగా చూపే రిపోర్టు. అదే యంత్రం మీద అదీ తీయవచ్చునట గాని, వారి దగ్గర ఆ సౌకర్యం లేదు. డబ్బు కట్టకముందే "కండ కొలత వస్తుందా, ఎముకదేనా" అని కౌంటరులో అడిగి ఉంటే సరిపోయేది.

ఆ కొలత చివరికి మార్చి 6న విజయవాడలో, పాదాలు లోహపు పలకల మీద పెట్టి, చేతులతో రెండు పిడులు పట్టుకుని నిలబడే యంత్రం మీద 600 రూపాయలకు చేశారు. ఏమీ తినకుండా, మూత్రానికి వెళ్లివచ్చి ఎక్కాలి. గుండెలో పేస్‌మేకరు ఉన్నవారు ఎక్కకూడదు. ఒంటి మీద లోహం ఉండకూడదని అక్కడి అమ్మాయి గాజులు తీయించింది, తరువాత, "ఆంటీ, మెట్టెలు కూడా" అంది. పెళ్లయ్యాక 43 ఏళ్లలో నేను మెట్టెలు తీసినది ఎప్పుడూ లేదు. సబ్బునీళ్లు కావాలేమో అనుకుంటూ వంగి లాగితే, రెండూ ఏ పట్టూ లేకుండా చేతిలోకి జారి వచ్చాయి. వేళ్లు కూడా సన్నబడ్డాయి. వాటిని రుమాలులో చుట్టి మావారి చేతికిచ్చి యంత్రం ఎక్కాను. ఆయన ఏమీ అనలేదు, రుమాలును జేబులో పెట్టుకోకుండా పిడికిట్లోనే పట్టుకుని నిలబడ్డారు. ఒక్క నిమిషంలో కాగితం వచ్చింది. కాళ్లూ చేతుల్లోని కండను ఎత్తు లెక్కతో భాగిస్తే 5.0. స్త్రీలకు ఆ యంత్రం మీద 5.7 ఉండాలి. కండ, బలం ఇలా తగ్గిపోవడానికి సార్కోపీనియా అని పేరు.

అదే రోజు డైటీషియన్‌ను కలిశాం. ఫీజు 500. ఆమె ముందుగానే ఫోను చేసి, ఇంట్లో పప్పు వడ్డించే గరిటె, పెరుగు గిన్నె, చెంచా సంచిలో తెమ్మన్నారు. నేను రోజూ పప్పు తింటానని గొప్పగా చెప్పాను. "ఎంత పప్పు వేస్తారు, ఎన్ని నీళ్లు పోస్తారు?" అని అడిగి లెక్క కట్టారు. ఇద్దరికి ఒక చిన్న గుప్పెడు కందిపప్పు, దాని నిండా సొరకాయ ముక్కలు, చింతపండు పులుసు. నా కంచంలోకి వచ్చేది పది గ్రాముల పప్పు, అంటే రెండు గ్రాముల ప్రోటీను. "అమ్మా, మీరు తింటున్నది పప్పు కాదు, పప్పు కడిగిన నీళ్లు" అన్నారు ఆ పిల్ల. నలభై ఏళ్ల నా వంటను అంతమాట అన్నారని రోషం వచ్చింది గాని, లెక్క తప్పు కాదు. రోజు మొత్తానికి నేను తినేది సుమారు 28 గ్రాములు. నాకు కావలసింది కేజీ బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల చొప్పున దాదాపు 49 నుంచి 58. అదీ ఒక్క పూటే కాకుండా మూడు పూటలా పంచుకుని తినాలి.

మేము గుడ్డు కూడా ముట్టం. అందుకు ఆమె నొసలు చిట్లించలేదు. ఆమె రాసిచ్చిన దానిలో వింత వస్తువు ఒక్కటీ లేదు. ఉదయం ఇడ్లీకి బదులు 50 గ్రాముల పెసలు నానబోసి రెండు పెసరట్లు, వేరుసెనగ పచ్చడి. మధ్యాహ్నం ఒక చిన్న కప్పు అన్నం, ముప్పై గ్రాముల కందిపప్పుతో గట్టి ముద్దపప్పు గాని ఆకుకూర పప్పు గాని, పెద్ద గిన్నె పెరుగు. సాయంత్రం ఉడికించిన సెనగలు గాని గ్లాసుడు పాలు గాని. రాత్రి ఒక జొన్నరొట్టె, యాభై గ్రాముల పనీరు లేదా ఇరవై గ్రాముల మీల్ మేకర్ వేసిన కూర, మజ్జిగ. శనివారం ఒంటిపూట మానలేనంటే, మానమనలేదు, ఆ రాత్రి టిఫిను ఉప్మా కాకుండా పెసరట్టో, పప్పులు కలిపి రుబ్బిన అడై దోసో చేసుకోమన్నారు. అన్నం మళ్లీ తినమని ఒక వైద్యవృత్తిలోని మనిషి చెప్పడం విని నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. కూర, పప్పు ముందు తిని అన్నం చివర తినమన్నారు. నేను స్ట్రిప్పులు ఖర్చుపెట్టి చూశాను. టిఫిన్ తిన్న రెండు గంటలకు, ఇడ్లీల రోజున 204 వచ్చినది, పెసరట్ల రోజున 156 వచ్చింది.

మొదటి మూడు వారాలు నరకమే. కడుపుబ్బరం, త్రేన్పులు, రాత్రుళ్లు నిద్ర లేదు. మావారు కూడా అదే తింటున్నారు కనుక ఇల్లంతా అదే సంగీతం. సెనగలు పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంగువ, వాము వేసి ఉడికిస్తే, ఒకేసారి కాకుండా వారానికి కొంత పెంచుకుంటూ పోతే సర్దుకుంది. మీల్ మేకర్‌ను వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండకపోతే ఆ వాసన నాకు సహించలేదు. పిండడం కూడా వ్యాయామమే అయింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ప్రోటీను పొడి డబ్బా తెప్పించాడు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో చక్కెర చూసి దాన్ని పక్కన పెట్టాం. దాని బదులు వెన్న తీసిన పాలపొడి రెండు చెంచాలు పెరుగులో కలుపుకుంటున్నాను. మొత్తం మీద సరుకుల ఖర్చు నెలకు 1,500 పెరిగింది, అందులో సగం పనీరుదే.

తిండి ఒక్కటే పెంచితే చాలదనీ, కండకు పని చెప్పకపోతే ఆ ప్రోటీను కండగా మారదనీ డాక్టరు ముందే అన్నారు. నడక ఉందిగా అంటే, నడక గుండెకు మంచిది, తొడకు చాలదన్నారు. మార్చి 10 నుంచి ఊళ్లోనే ఒక ఫిజియోథెరపీ కుర్రవాడి దగ్గరకు వారానికి రెండు రోజులు, రోజుకు 350 రూపాయలు. బరువులు అంటే జిమ్ములో చూసే ఇనప కడ్డీలు ఊహించుకుని భయపడ్డాను. అతను నన్ను కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టాడు, అంతే. మొదటి రోజు ఆరుసార్లు చేసేసరికి తొడలు వణికాయి. "మేడమ్, కూర్చునేటప్పుడు ధబ్బున పడకండి, మూడు లెక్కపెడుతూ కూర్చోండి. అసలు పని దిగేటప్పుడే ఉంది" అన్నాడు. నాకు ఇంకా కొత్తగా తోచే సంగతి అదే. తరువాత గోడను తోయడం, మడమలెత్తడం, రబ్బరు పట్టీని లాగడం, చీలమండకు అరకేజీ ఇసుక సంచి కట్టి కాలెత్తడం. ఇంట్లో మరో రోజు కేజీ కందిపప్పు ప్యాకెట్లు రెండు చేతుల్లో పట్టుకుని చేసేదాన్ని. వెళ్లే ముందు షుగరు చూసుకోవడం, జేబులో నాలుగు చక్కెర బిళ్లలు ఉంచుకోవడం అతను పెట్టిన నియమం. చీరకు జేబెక్కడిదని కొంగున ముడివేసుకున్నాను.

ఏప్రిల్ అంతా ఏ మార్పూ లేదు. అది రాయకపోతే అబద్ధమవుతుంది. ఒళ్లునొప్పులు, ఖర్చు, ఎండ. రెండుసార్లు మానేద్దామని నిశ్చయించుకుని, ముందే కట్టిన డబ్బు పోతుందని వెళ్లాను. విటమిన్ డి 60,000 యూనిట్ల గుళిక వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, బీ12 ఇంజెక్షన్లు సాగుతున్నాయి. అరికాళ్ల తిమ్మిరి కొంత తగ్గినట్టుండేది, అది బీ12 వల్లనో నా కోరిక వల్లనో చెప్పలేను. మే మూడో వారంలో ఆవకాయ పెట్టాక, జాడీకి గుడ్డ కట్టి మూత బిగించాను. మరునాడు కలపడానికి మూత తీశాను. తీశాక గాని నేనే తీశానన్నది తోచలేదు.

జూన్ 12న విజయవాడ వెళ్లాం. ఈసారి నిరీక్షణ రెండు గంటలు. కుర్చీ పరీక్ష 14 సెకన్లలో అయింది, పట్టు 16.5 కేజీలు, బరువు 50.2. కాని హెచ్‌బీఏ1సి 6.0 నుంచి 6.9కు ఎక్కింది. ఆ అంకె చూసి నాకు నోట మాట రాలేదు. రాత్రి ఫోనులో మా అబ్బాయి, "అమ్మా, ఇంత కష్టపడి షుగరు పెంచుకున్నావా?" అన్నాడు. డాక్టరు మాత్రం తాను కోరుకున్నది ఇదేనన్నారు. ఈ వయసులో ఏడు, ఏడున్నర లోపు ఉంటే చాలుననీ, తెల్లవారుజామున 58కి పడిపోతూ సాధించిన 6.0 మంచి అంకె కాదనీ అన్నారు. నాకు ఆ మాట తలకెక్కింది గాని మనసుకెక్కడానికి చాలా రోజులు పట్టింది. రెండేళ్లు ఆ ఒక్క అంకెనే మార్కుల్లా చూసుకున్నదాన్ని కదా. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి మళ్లీ అన్నం మానేద్దామని గిన్నె పక్కకు జరిపితే, మావారు ఏమీ అనకుండా గరిటెతో పప్పు వేసి గిన్నె నా ముందుకు తోశారు.

సెప్టెంబరు 18న చివరిసారి చూపించుకున్నాం. పట్టు 18.2, కుర్చీ పరీక్ష 11.5 సెకన్లు, ఆరు మీటర్ల నడక ఆరు సెకన్లు. బరువు 51, హెచ్‌బీఏ1సి 6.8. కండ కొలత మాత్రం 5.0 నుంచి 5.3 అయింది, ఇంకా 5.7 చేరలేదు. బలం ముందు వస్తుందనీ, కండ బరువు నెమ్మదిగా వస్తుందనీ, మొత్తం తిరిగి రాకపోవచ్చుననీ దాచకుండా చెప్పారు. తొమ్మిది నెలలకు ఫీజులు, పరీక్షలు, ఫిజియోథెరపీ అన్నీ కలిపి దాదాపు 24 వేలు అయ్యింది. మందులు, రైలు ఛార్జీలు ఇందులో లేవు. ఆస్పత్రిలో చేరలేదు కనుక ఏ బీమా కిందకూ ఈ ఖర్చు రాలేదు. జూన్ నుంచి ఫిజియోథెరపీకి వెళ్లడం లేదు, వారానికి మూడు రోజులు ఇంట్లోనే చేసుకుంటున్నాను. ఇసుక సంచి ఇప్పుడు కేజీది.

నేల మీద కూర్చుంటే ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి లేస్తున్నాను. చెయ్యి ఆనించకుండా ఇంకా రావడం లేదు. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి పీట మీద గంటన్నర కూర్చుని లేచాను, రెండో ప్రయత్నానికి. మెట్టెలు ఇంకా వదులుగానే ఉన్నాయి. జారిపోకుండా దారం చుట్టుకున్నాను, కంసాలి దగ్గరకు వెళ్లి బిగింపించుకోవడానికి మాత్రం మనసొప్పలేదు. తరువాతి అపాయింటుమెంటు జనవరి 22న, సంక్రాంతి వెళ్లాక.